రక్తపరీక్ష: ఆర్యవైశ్యులకు దాని యావశ్యకత
(వార్షిక మహాసభయందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన యుపన్యాసము)



సంస్కృతము చెప్పుకొని బ్రతికినవాడు రక్తమును గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందఱికి తోచవచ్చును. నేను వైద్యుడను కాను. వైద్యులు చెప్పినదానిని విని, చదివి, గ్రహించినంతవఱకు మీ యెదుట నుంచుటయే నా పని. కాని యీ విషయము వైద్యశాలలో మాత్రమే చెప్పుకొనదగినది కాదు. మన కులమునకు ప్రత్యేకముగా సంబంధించినది; మన పెండ్లిపందిళ్లలోను, మన యిండ్లలోను నిర్ణయింపవలసినది. కావున కులసభయే దీనికి తగిన స్థానమని నమ్ముచున్నాను.

మన పూర్వులు శరీరమును రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను సప్తధాతువులుగా విభజించి, రక్తమునకు రెండవ స్థానము నిచ్చిరి. రక్తము క్షీణించి దేహము తెల్లబాఱు వ్యాధికి పాండురోగమని పేరిడి, దానికి లోహభస్మములను ఔషధముగా వాడిరి. ఇనుము కొఱవడినపుడు ఇనుమునే ఇయ్యవలెనని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అయినను రక్తము హృదయమునుండి బయలుదేఱి మరల హృదయమునకే చేరునని రుజువుచేసినది 1628వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడగు విలియం హార్వే. సూక్ష్మదర్శినితో రక్తమును చదువుట ఆ తరువాతి మాట.

అట్లు చదివి లోకమున కుపకారము చేసిన యొక ఘట్టము మన రాజధాని ప్రాంతముననే జరిగినది. మలేరియా జ్వరమునకు కారణమగు సూక్ష్మజీవి రోగి రక్తమునందున్నదని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. అది యొకరినుండి యొకరికి ఎట్లు చేరుచున్నదో తెలియకుండెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దొరగారు, మలేరియా రోగి రక్తమును త్రాగిన దోమ కడుపుగోడలో ఆ జీవి పెరుగుచుండుటను చూచెను. అందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

వర్తకులకు సులభముగా తెలియునట్లు చెప్పెదను. దుకాణమునకు చిట్టా, ఆవర్జా లెట్టివో శరీరమునకు రక్తమట్టిది. ఏ సరుకు వచ్చినది, ఏది పోయినది, ఎచట నష్టము వచ్చుచున్నది అను సంగతులన్నియు అందు వ్రాయబడియుండును. వయస్సు వచ్చినవాని దేహమున సుమారు అయిదు లీటర్ల రక్తముండును. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో దాదాపు 50 లక్షల ఎఱ్ఱకణములుండును. ఒక్కొక్క కణము సుమారు 120 దినములు జీవించి నశించును, క్రొత్తది పుట్టును. ఈ రాకపోకలలో తేడా వచ్చినచో రక్తపరీక్ష చూపును. దీపావళినాడు ఖాతాపుస్తకములకు పూజ చేయు మనము, దేహమునందలి యీ ఖాతాను మాత్రము మంచము పట్టువఱకు తెఱచి చూడము.

మొదట అందఱికి సామాన్యమైన లోపమును చెప్పెదను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మంది రక్తహీనత కలవారు. హీమోగ్లోబిను అను ఎఱ్ఱని పదార్థము స్త్రీలకు డెసిలీటరునకు 12 గ్రాములకు తగ్గినను, గర్భిణులకు 11కు తగ్గినను, పురుషులకు 13కు తగ్గినను రక్తహీనతయందురు. దీనికి ముఖ్యకారణము ఇనుము కొఱత. శాకాహారులమగు మనకు బి12 అను విటమిను కొఱతయు తఱచుగా తోడగును. అది పాలు, పెరుగులందు కొంత కలదు గాని, ఆకుకూరలందు లేదు. మూడవది ఫోలిక్ ఆమ్లము. దీనిని కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన మన తెలుగువాడు, యెల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను వ్యాధిచే సోదరుని కోల్పోయిన యా మహనీయుడు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున కృషిచేసి, 1940ల దశకమున ఆ మందును లోకమున కందించెను. నేడు గర్భిణులకు పంచిపెట్టు మాత్రలలో ఇనుముతో కూడ ఉన్నది అదియే.

ఈ రక్తహీనత ఆహారముచేతను మందుచేతను సరియగును. తల్లిదండ్రులనుండి సంక్రమించు దోషములు మఱియొక తెగకు చెందినవి. ఆదిలాబాదువారికి వీనిని గూర్చి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. మీ పొరుగున నున్న గోండు మొదలగు ఆదివాసుల పిల్లలలో కొడవలి కణముల వ్యాధిని మీలో ననేకులు చూచియుందురు. గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణము కొడవలివలె వంగి, సన్నని నాళములందు చిక్కుకొనును. కీళ్లనొప్పులు, కామెర్లు, రక్తహీనత కలుగును. 1910లో అమెరికాలోని చికాగో నగరమున హెరిక్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను. హీమోగ్లోబిను అణువులో ఒక్క ఆమ్లము మాఱుటయే దీనికి మూలమని 1957లో ఇంగ్రాం తేల్చెను. తల్లి, తండ్రి యిరువురినుండియు దోషము వచ్చినవానికే వ్యాధి. ఒకరినుండి మాత్రమే వచ్చినవాడు ఆరోగ్యవంతుడైన వాహకుడు. అట్టి వాహకుని మలేరియా అంతగా బాధింపదని 1954లో ఆలిసన్ చూపెను. అడవిజ్వరములున్న సీమలలో ఈ దోషము నిలిచియుండుటకు కారణమదియే. 2047 నాటికి దీనిని రూపుమాపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జులై 1వ తేదీన మధ్యప్రదేశమునందలి షహడోలులో ఒక జాతీయోద్యమమును ప్రారంభించినది. నలువది యేండ్లలోపు వారిని ఏడుకోట్లమందిని పరీక్షింపవలెనని సంకల్పము. తలసీమియా అనునదియు ఇట్టి దోషమే. దాని తీవ్రరూపముతో పుట్టిన శిశువునకు రెండు నాలుగు వారముల కొకసారి జీవితాంతము పరులరక్తము ఎక్కింపవలసియుండును.

"అవి అడవిలోనివారి వ్యాధులు, మనకేల?" అని యెవరైన ననుకొనిన పొరపాటు. తలసీమియా వాహకులు అన్ని కులములందును గలరు. అంతేకాదు, మన కులమునకు ప్రత్యేకముగా నొక రక్తలోపమున్నది. దానిని గూర్చి చెప్పుటకే నేను ముఖ్యముగా నిలుచుంటిని.

శస్త్రచికిత్స చేయునపుడు రోగి గొంతులోనికి శ్వాసనాళిక దింపవలెను. అందులకు కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందును మత్తువైద్యులు సూదిద్వారా ఎక్కింతురు. ఆసుపత్రులలో స్కోలిన్ అని వాడుక. 1951 మొదలు ఇది లోకమంతట వ్యాపించినది. ఒక్క నిమిషములో పనిచేయును. అయిదు పది నిమిషములలో వదలిపోవును. అది వదలిపోవుటకు కారణము రక్తద్రవమునందున్న బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అను కిణ్వము. కాలేయమున పుట్టు ఈ కిణ్వము ఆ మందును త్వరగా ఖండించివేయును. కిణ్వము లేనివానికి మందు ఖండింపబడదు. అయిదు నిమిషములలో కదలవలసిన ఛాతి కొన్ని గంటలవఱకు కదలదు. కృత్రిమశ్వాస యంత్రమున్నచో ప్రాణము నిలుచును, లేనిచో ప్రమాదము. మత్తు ముందుగా దిగిపోయినచో మఱియు ఘోరము: రోగికి మాటలన్నియు వినబడుచుండును, కనురెప్ప కదల్చుటకైనను శక్తియుండదు.

ఈ కిణ్వము బొత్తిగా లేనివారు యూరోపు దేశములలో లక్షకొకరని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. మన వైశ్యులలో అంతకు ననేకరెట్లు అధికము. కోయంబత్తూరు వైశ్యుల రక్తమును పరీక్షించి, భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనోహరన్, బూపతి గారలును, అమెరికాలోని లాక్‌రిడ్జ్ అను విదుషియు, వారి సహచరులును 2006లో దీని మూలమును ప్రకటించిరి. ఆ కిణ్వపు గొలుసులో 574 ఆమ్లములు వరుసగా నుండును. అందు 307వ స్థానమున ల్యూసిన్ ఉండవలసినచోట ప్రొలీన్ వచ్చినది. సంస్కృతము చదివినవారికి ఇది విచిత్రము కాదు; ఒక్క వర్ణము మాఱినచో పదమే మాఱును.

ఈ దోషము మనలోనే ఏల హెచ్చినది? హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ గారలు, హార్వర్డు విశ్వవిద్యాలయపు డేవిడ్ రైక్ గారితోను వారి సహచరులతోను కలిసి భారతీయ జనసమూహముల జన్యువులను శోధించి 2009లో ప్రకటించిరి. అందు మన వైశ్యులు ముఖ్యోదాహరణము. రెండువేల నుండి మూడువేల సంవత్సరముల క్రిందట కొద్దిమంది పూర్వులనుండి మన సమూహము పెరిగినదనియు, నాటినుండి యితరులతో వివాహసంబంధములు మిక్కిలి స్వల్పమనియు వారి నిర్ణయము. ఆ కొద్దిమందిలో ఒక్కనికి లోపమున్నచో, అది తరతరములుగా కులములోనే తిరుగుచుండును. ఇది మనకొక్కరికే కలిగిన కళంకము కాదు. 2017లో వెలువడిన మఱియొక పరిశోధనలో 263 సమూహములను చూడగా 81 సమూహములలో ఇట్టి స్థితియే బలముగా కానవచ్చినది.

"మనము గోత్రములు చూచి కదా పెండ్లి చేయుదుము" అని పెద్దలడుగవచ్చును. ప్రశ్న యుక్తమైనదే. సగోత్రవివాహనిషేధము మిక్కిలి ప్రాచీనము. చరకసంహిత శారీరస్థానమున రెండవ అధ్యాయమునకు అతుల్యగోత్రీయమని పేరు. కాని గోత్రము తండ్రివైపు తంతువును మాత్రమే లెక్కించును. మేనమామ కూతురి గోత్రము వేఱు, తాతయవ్వలు మాత్రమొక్కరే. మేనరికమును దక్షిణదేశాచారముగా బౌధాయనుడు తన ధర్మసూత్రములందు పేర్కొనెను. మన కులమున అదియొక హక్కువలె చెల్లినది. మేనరికపు దంపతులకు జన్యువులందు ఎనిమిదింట ఒకవంతు ఉమ్మడి. అక్క కూతురిని చేసికొన్నచో నాలుగింట ఒకవంతు. ఇక మేనరికము మానినంత మాత్రమున నిశ్చింతగా నుండవచ్చునా? వీలుకాదు. మంథెనివారికి నిర్మలువారికి చుట్టరికము తెలియకపోయినను, వేల యేండ్లనాటి యా కొద్దిమంది పూర్వులే యిరువురకును మూలము. కావుననే గోత్రపట్టికతోను, జాతకచక్రముతోను తెలియని సంగతి రక్తపరీక్షవలన తెలియవలసియున్నది.

నా యెఱుకలోని ఒక యుదంతమును మనవి చేసెదను. పేర్లును ఊళ్లును చెప్పను. ఒక యిల్లాలికి ప్రసవము కష్టమై అత్యవసరముగా శస్త్రచికిత్స చేసిరి. శిశువు క్షేమము. తల్లికి మాత్రము ఊపిరి తిరిగి రాలేదు. కొన్ని గంటలు యంత్రముపై నుంచిన తరువాత కోలుకొన్నది. ఇంటివారందఱును రక్తము పరీక్షించుకొనవలెనని వైద్యులు కాగితముపై వ్రాసియిచ్చిరి. ఆ కాగితము పెట్టెలో పడినది; ఎవరికిని చెప్పలేదు. అయిదేండ్లకు ఆమె తమ్మునికి అపెండిసైటిసు వచ్చి మఱియొక ఆసుపత్రికి చేర్చిరి. "మీ యింట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా?" అని వైద్యుడు తల్లి నడిగెను. ఆమె క్షణము తటపటాయించి, "అట్లాంటిదేం లేదు సారూ" అనెను. ఆ నెలలోనే ఆ పిల్లవానికి సంబంధము కుదురబోవుచున్నది. వియ్యాలవారి మనిషి అచటనే కూర్చుండియుండెను. పిల్లవాడు ఆ రాత్రియంతయు యంత్రముపై నుండి తెల్లవాఱునప్పటికి ఊపిరి పీల్చెను. యంత్రములేని చిన్న ఆసుపత్రియే యైనచో ఏమైయుండునో మీరే యూహింపుడు.

ఆ తల్లిని నిందింపవలదు. ఆమెచేత ఆ మాట పలికించినది మన సభలలోను పందిళ్లలోను మనము పెంచిన భయము. కనుక రెండు విషయములను స్పష్టముగా వేఱుచేసి చూడవలెను.

మొదటిది: ఈ కిణ్వలోపము వ్యాధి కాదు. ఇది గలవారు సంపూర్ణారోగ్యముతో నూఱేండ్లు బ్రతుకవచ్చును. మత్తువైద్యునికి ముందుగా తెలిసినచాలు. ఆయన సక్సినైల్‌కోలిన్, మైవాక్యురియం అను రెండు మందులను మాని రోక్యురోనియం వంటి వేఱొకదానిని వాడును. ఇందునిమిత్తము ఒక సంబంధమును వదలుకొనుట అవివేకము. సీరం కోలినెస్టరేజ్ అను పరీక్ష పట్టణములలోని పరీక్షాశాలలందు దొరకును. ప్రత్తిపైరు విస్తారముగా నున్న మన జిల్లాల వైద్యులకు ఇది చిరపరిచితము. పురుగుమందు తగిలి వచ్చిన రైతునకు చేయు పరీక్షయు ఇదియే. కావున దీనిలో మఱియొక మెలకువ కలదు. ఎరువులు, పురుగుమందులు అమ్ము మన సోదరుడు స్పృహతప్పి ఆసుపత్రి చేరినపుడు కిణ్వము తక్కువగా కనబడినచో, విషము తగిలినదని వైద్యుడు భ్రమింపవచ్చును. పుట్టుకతో లోపమున్నట్లు ముందే వ్రాసియుంచినచో ఆ భ్రమ తొలగును. గర్భము, కాలేయవ్యాధి వీనివలనను కిణ్వము తగ్గును గనుక ఫలితమును వైద్యునిచేతనే నిర్ణయింపజేయవలెను. ఒక యింట నొకరికి లోపము తేలినచో తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒకపాలు సంభావ్యత కలదు; వారందఱును పరీక్షించుకొనవలెను.

రెండవది: తలసీమియా, కొడవలి కణముల దోషము. ఇందు వధూవరులిరువురును వాహకులైనచో ప్రతి గర్భమునందును నాలుగింట ఒకపాలు వ్యాధిగ్రస్తమైన శిశువు కలుగవచ్చును. ఒక్కరే వాహకులైనచో శిశువునకు ఆ వ్యాధి రాదు. కనుక పెండ్లికి ముందు పరీక్ష అవశ్యము. పెండ్లి జరిగిపోయినవారికిని ఉపాయము కలదు: గర్భము మూడవ నెలలోనే శిశువు స్థితిని తెలిసికొను పరీక్షలున్నవి.

పరీక్ష గౌరవభంగము లేకుండ జరుగుట సాధ్యమేనా? సాధ్యమని లోకము చూపినది. సైప్రసు ద్వీపమున తలసీమియా హెచ్చుగా నుండెను. 1970ల దశకమున పరీక్షలు మొదలుపెట్టిరి. అచటి క్రైస్తవ మఠాధికారులు పెండ్లికి ముందు పరీక్ష జరిగినదను పత్రమును మాత్రమే కోరిరి, పెండ్లిని నిషేధింపలేదు. వ్యాధితో పుట్టు శిశువుల సంఖ్య దాదాపు శూన్యమునకు దిగినది. న్యూయార్కులో జోసెఫ్ ఎక్‌స్టైన్ అను యూదు మతగురువు టే–సాక్స్ అను వంశవ్యాధిచే నలుగురు బిడ్డలను పోగొట్టుకొని, 1980ల దశకమున దోర్ యెషోరిం అను సంస్థను స్థాపించెను. యువతీయువకుల రక్తమును పరీక్షించి, పేరునకు బదులు ఒక సంఖ్య నిత్తురు. సంబంధము మాటలాడునపుడు రెండు సంఖ్యలను తెలిపినచో, ఆ జంట కూడునో కూడదో మాత్రము చెప్పుదురు. ఎవరియందు ఏ దోషమున్నదో లోకమునకు తెలియదు. వారును మనవలె తమలో తామే పెండ్లియాడు సమాజమువారే.

రక్తశుద్ధి యను మాటను మన సభలలో తఱచుగా వినుచుందుము. కులము బయటివారితో కలియకపోవుటయే శుద్ధియని దాని యర్థముగా నడచుచున్నది. శాస్త్రము చెప్పుచున్నదేమనగా, మన లోపము బయటినుండి వచ్చినది కాదు, లోపలనే తిరిగి పెరిగినది. 1901లో లాండ్‌స్టైనరు బయలుపఱచిన రక్తవర్గములకును మన చాతుర్వర్ణ్యమునకును సంబంధము లేదు. ఎ, బి, ఎబి, ఓ అను నాలుగును ప్రతి కులమునను గలవు. మన బిడ్డ ప్రాణాపాయమున నున్నపుడు సరిపడు రక్తము గోండువానిదో, నేతపనివానిదో, గనికార్మికునిదో కావచ్చును. ఆ ఋణమును తీర్చుట మన ధర్మము. 18 మొదలు 65 ఏండ్లలోపు, 45 కిలోగ్రాములకు తగ్గని బరువును 12.5 గ్రాములకు తగ్గని హీమోగ్లోబినును గల ఆరోగ్యవంతులు రక్తదానము చేయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి.

కావున ఈ మహాసభవారు నాలుగు తీర్మానములను పరిశీలింపవలెనని ప్రార్థించుచున్నాను. ఒకటి: ప్రతి పట్టణసంఘమును వైద్యుల పర్యవేక్షణమున కోలినెస్టరేజ్ పరీక్షలు జరిపింపవలెను, ఫలితము పరీక్షింపబడినవాని చేతికే ముద్రించిన కవరులో ఇయ్యవలెను, లోపమున్నవారు ఏ మందు తమకు కూడదో వ్రాసిన చీటిని జేబులో నుంచుకొనవలెను. రెండు: వధూవరుల పరిచయపత్రములందు రక్తదోషములను అచ్చువేయరాదు, నిశ్చితార్థమునకు ముందు ఇరుపక్షములవారును తలసీమియా పరీక్షను రహస్యముగా చేయించుకొనుటను ఆచారము చేయవలెను. మూడు: మన వసతిగృహములందలి బాలికలకు ఏటేట హీమోగ్లోబిను పరీక్షయు, కావలసినవారికి మందును ఉచితముగా నేర్పాటు చేయవలెను. నాలుగు: వాసవీమాత జయంతినాడు రక్తదానశిబిరములు పెట్టి, ఆ రక్తమును ముందుగా తలసీమియా, కొడవలి వ్యాధిగల పిల్లలకు, వారు ఏ కులమువారైనను, చేర్పింపవలెను.

వీనికగు వ్యయము మన యుత్సవముల వ్యయములో స్వల్పభాగము. దాతలు సభయందే యున్నారు. వైద్యవిద్య నభ్యసించిన మన యువకులు పలువురు వెనుకవరుసలలో కూర్చుండియున్నారు. వారు ముందునకు వచ్చి ఈ భారము వహింతురుగాక.